కారం అంటిన బియ్యం

మూడోసారి కూడా పరంజ్యోతి అయ్యగారు తల అడ్డంగా ఊపేసరికి నతనయేలుకు ఒళ్లు మండిపోయింది. ప్రసంగం రాసుకున్న కాగితాలు మడిచి జేబులో కుక్కుకున్నాడు.

చిక్కంతా ఒక్క మాట దగ్గరే. పరిశుద్ధ గ్రంథం గ్రీకులో 'ఎలెయెమొసునే' అని ఒక మాట ఉంది. తెలుగులో దాన్ని 'ధర్మం' అన్నారు. లేనివాళ్లకు పెట్టడం అన్నమాట. వచ్చే ఆదివారం నతనయేలు మొట్టమొదటిసారి వేదికెక్కి ప్రసంగం చెయ్యాలి, ఆ మాట మీదే. అయ్యగారు పెట్టిన షరతు ఒక్కటే.

"దాని అర్థం నాకు చెప్పు. చెబితే ఆదివారం నువ్వెక్కు. చెప్పలేకపోతే నేనే ఎక్కుతా, కళ్లు కనబడకపోయినా సరే."

పరంజ్యోతి గారు బైబిలు పాఠశాలలో ముప్పై ఏళ్లు గ్రీకు చెప్పినవారు. రిటైరయ్యాక, ఇంకే పాస్టరు అయ్యగారూ రానన్న ఊరిని అడిగి మరీ తీసుకున్నారు. గుంటూరు వైపు నల్లరేగడి ఊరు అది. చుట్టూ మిరప తోటలు, రోడ్డు మీద మిరప గోదాములు. భార్య పోయి నాలుగేళ్లయింది. మందిరం పక్కనున్న రెండు గదుల ఇంట్లో ఆయనా, ఆయన దగ్గర రెండేళ్లుగా చదువుకుంటున్న నతనయేలూ ఉంటారు. ఊళ్లోవాళ్లకు ఆయన అయ్యగారు, ఇతను చిన్నయ్యగారు.

ఆయన కోపం సంగతి చెప్పక్కర్లేదు. క్లాసులో సుద్దముక్క విసిరితే గురి తప్పేది కాదట. ఈమధ్య కంటి ఆపరేషన్ చేయించుకుని, మూడు వారాలకు పైగా గుంటూరులో కూతురి ఇంట్లో ఉండి, మంగళవారమే తిరిగొచ్చారు. నల్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చుంటున్నారు. ఇంకా చదవకూడదు కనుక నతనయేలు చదువుతుంటే వింటున్నారు.

ఇవాళ శుక్రవారం. పొద్దున్నే నతనయేలు మళ్లీ మొదలుపెట్టాడు.

"ఈ మాటకు వేరు 'ఎలెయోస్' అండీ. అంటే కనికరం. మనం ప్రతి ఆదివారం ఆరాధనలో 'ప్రభువా, కనికరించుము' అంటాం చూడండి, గ్రీకులో అక్కడా ఇదే వేరు. కొండమీది ప్రసంగంలో ప్రభువు బూర ఊదించుకోవద్దన్నది దీని గురించే. దేవాలయం వాకిట కుంటివాడు అడుక్కున్నదీ దీన్నే. కాబట్టి ధర్మమంటే ఇచ్చే వస్తువు కాదు, ఇచ్చేవాడి లోపలి కనికరం."

"బాగుంది. ఎవరు చెప్పారు?"

"మూడు నిఘంటువులు చూశానండీ."

"అయితే ఆ మూడింటినీ ఎక్కించు వేదిక మీదికి. నువ్వెందుకు మధ్యలో?"

కోపం రాదా మరి? తప్పు ఎక్కడో చెప్పకుండా తల ఊపితే ఎవడికైనా వస్తుంది. నతనయేలు వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించాడు. గిన్నెలు మామూలుకంటే గట్టిగానే చప్పుడు చేశాయి.

ఇక్కడ బియ్యం సంగతి చెప్పాలి. లేకపోతే ఈ కథలో ఏ కోపం ఎవరిదో తెలియదు.

ఆ సంఘంలో పిడికెడు బియ్యం ఆనవాయితీ ఉంది. ఎసట్లో పొయ్యడానికి బియ్యం కొలిచాక, ప్రతి ఇల్లాలూ అందులోంచి ఒక పిడికెడు తీసి విడిగా ఒక ముంతలో వేస్తుంది. పూటకు పిడికెడు. ఎంత లేనివాళ్లయినా సరే. ఆదివారం ఆ ముంత తెచ్చి మందిరంలో పెద్ద డ్రమ్ములో ఒంపుతుంది. ఆ బియ్యంలో కొంత అయ్యగారి ఇంటికి. మిగతావి శనివారం నాడు, ఆధారం లేని విధవరాళ్లు ఎనిమిది మందికి వారానికి సరిపడా కొలిచి ఇస్తారు. వాళ్లు ఆ బియ్యమే వండుకుంటారు, అందులోంచి మళ్లీ పిడికెడు తీసి ఆదివారం తెచ్చి పోస్తారు. ఇచ్చేవాళ్లెవరో పుచ్చుకునేవాళ్లెవరో ఆ డ్రమ్ముకు తెలియదు.

అయ్యగారు గుంటూరు వెళ్లగానే శనివారం పని నతనయేలు చేతికొచ్చింది. బియ్యం పట్టుకెళ్లిన ఇద్దరు ఆడవాళ్లు మర్నాడు ఆరాధనకు రాలేదని అతను చూశాడు. ఊరికే తిని పోతున్నారని కోపం వచ్చింది. చదువులేనివాడికి కోపమొస్తే నాలుగు తిట్టి ఊరుకుంటాడు. చదువుకున్నవాడికి వస్తే నియమం పెడతాడు. నన్నడిగితే తిట్టేవాడే నయం.

నియమం ఇది. బియ్యం కావాలంటే ఒక బైబిలు వాక్యం కంఠతా వచ్చి ఉండాలి. వరసలో నిలబడి అప్పజెప్పాలి. అప్పజెప్పినవాళ్లకే బియ్యం.

ఏడుగురు ఎలాగో తంటాలు పడి నేర్చుకొచ్చారు. ఎనిమిదో ఆవిడ రాహేలమ్మ. డెబ్భై దాటాయి. ఉబ్బసం మనిషి. పాటలైతే అందరికంటే గట్టిగా పాడుతుంది కానీ, ఒంటరిగా నిలబెట్టి చెప్పమంటే ఒక్క మాటా నోటికి రాదు.

"వాక్యం చెప్పమ్మా," అన్నాడు నతనయేలు.

"పొద్దున్నుంచీ అనుకుంటానే వచ్చానయ్యా. గుమ్మం కాడికొచ్చేతలికి ఎగిరిపోయింది."

"ఏదో ఒకటి చెప్పు. నీకొచ్చింది."

రాహేలమ్మ కళ్లు మూసుకుంది. చేతులు జోడించింది.

"ప్రభువా, కనికరించుము."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. నతనయేలు నవ్వలేదు, కసురుకోలేదు కూడా. చాలా ఓపిగ్గా చెప్పాడు. ఆ ఓపిక తలుచుకుంటే నాకిప్పటికీ మండుతుంది.

"అది వాక్యం కాదమ్మా. ఆరాధనలో అందరం కలిసి అనేది. వాక్యం నేర్చుకుని వచ్చే శనివారం రా."

ఆ శనివారం మళ్లీ వచ్చింది. అదే చెప్పింది. ఖాళీ సంచితో వెళ్లిపోయింది. మూడో శనివారం రాలేదు.

ఆ సంగతి అయ్యగారికి ఎవరూ చెప్పలేదు. అయ్యగారే పెట్టించిన నియమం అనుకున్నారు అందరూ.

శుక్రవారం మధ్యాహ్నం నతనయేలు అన్నం వార్చి, గోంగూర పప్పు చేసి, రెండు కంచాల్లో వడ్డించాడు. అయ్యగారు ప్రార్థన చేసి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆగిపోయారు.

"అన్నం కారంగా ఉందేంటి?"

నతనయేలు పొద్దుటి కోపం దీని మీదికి మళ్లించాడు.

"నాలుగు నీళ్లు కడిగానండీ. పోలేదు. ఇవాళే తీసిన ఆదివారం బియ్యం అలా ఉన్నాయి. ఎర్రగా, మిరపదుమ్ముతో. దేవుడికిచ్చేవైనా కాస్త శుభ్రంగా ఇవ్వొద్దా?"

"ఎవరి బియ్యం?"

"రాహేలమ్మవండీ. ఇత్తడి ముంతతో తెస్తుంది కదా. అదే ఎర్రగా ఉంది."

అయ్యగారు ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపారు.

"రాహేలమ్మ మిరపకాయల్లోకి పోతోందా?"

"పోతున్నట్టుందండీ."

"రెండేళ్ల కిందట గోదాములో ఊపిరాడక పడిపోతే మోసుకొచ్చింది మనమే. ఇంకెప్పుడూ ఆ గడప తొక్కనని నాకు మాటిచ్చింది. బియ్యం మందిరం ఇస్తుందని నేను మాటిచ్చాను. ఎందుకు పోతోంది?"

నతనయేలుకు అప్పుడు భయం తగిలింది. అయినా గొంతు పెంచాడు.

"శనివారం బియ్యం తీసుకోవట్లేదండీ."

"ఎందుకు?"

"వాక్యం అప్పజెప్పాలని చిన్న నియమం పెట్టాను. అందరూ చెప్పారు. ఆమె చెప్పలేదు."

"ఏమీ చెప్పలేదా?"

"చెప్పిందండీ. 'ప్రభువా, కనికరించుము' అంది. అది వాక్యం కాదు కదండీ, ఆరాధనలో మనం..."

చెబుతూ చెబుతూ తనే ఆగిపోయాడు. పొద్దున తను చదివిన కాగితం జేబులోనే ఉంది.

అయ్యగారు అరుస్తారనుకున్నాడు. అరిస్తే బాగుండేది. ఆయన తన కంచంలోని అన్నం తినడం మొదలుపెట్టారు. ముద్ద ముద్దకీ దగ్గు వస్తోంది. నల్లద్దాల కిందనుంచి నీళ్లు కారుతున్నాయి. మెతుకు వదలకుండా తిన్నారు. చెయ్యి కడుక్కొచ్చారు.

తర్వాత నతనయేలు ముందున్న, అతను ఇంకా ముట్టని కంచం తడుముకుని తీసుకున్నారు. అందులో అన్నం గిన్నెలోకి తిరిగి వంపేశారు. మూత పెట్టారు. గోడకు తగిలించి ఉన్న ఖాళీ గుడ్డసంచి తీసి అతని ఒళ్లో పడేశారు.

"ఇంట్లో నీకు బియ్యం లేవు. పో, తీసుకురా."

"డ్రమ్ము నిండా ఉన్నాయి కదండీ."

"అవి నీకు కాదు. రాహేలమ్మ ఇంటికి వెళ్లి అడుక్కురా."

నతనయేలు మొహం జేవురించింది. "ఏమని అడగమంటారు?"

"నీకు గ్రీకు వచ్చుగా. నువ్వే చూసుకో. ఆమె ఏం అప్పజెప్పమంటే అది అప్పజెప్పి తెచ్చుకో. తేకుండా ఈ గుమ్మం ఎక్కొద్దు."

మధ్యాహ్నం రెండింటి ఎండలో నతనయేలు సంచి పట్టుకుని నడిచాడు. దారి పొడుగునా లోపల అయ్యగారితో పోట్లాడుతూనే ఉన్నాడు. తప్పు చేశాడు, సరే. చెబితే దిద్దుకోడా? రేపు శనివారం పిలిచి బియ్యం ఇస్తే సరిపోదా? ఈ ముష్టి ఎత్తించడం ఏమిటి? తను పదో తరగతి నుంచి ఎక్కడా రెండో స్థానంలో నిలబడలేదు. అలాంటివాణ్ణి ఖాళీ సంచితో వీధిలో నడిపిస్తారా?

రాహేలమ్మ ఇంటికి తాళం. పనిలోంచి ఇంకా రాలేదు. ఇల్లంటే రేకుల కప్పు, ముందు రెండు బారల అరుగు. అరుగు మీద కూర్చున్నాడు.

దారినపోయే ప్రతివాళ్లూ ఆగారు. "చిన్నయ్యగారూ, ఇక్కడున్నారేంటి?" అని అడిగారు. "రాహేలమ్మతో పనుంది," అన్నాడు. "సంచేంటి?" అని కూడా అడిగారు కొందరు. దానికి జవాబు చెప్పలేదు. సంచిని మడిచి తొడ కింద పెట్టుకున్నాడు.

మూడయింది. నాలుగయింది. పొద్దున కూడా కోపంతో టీ చుక్క తప్ప ఏమీ తీసుకోలేదు. కడుపులో పేగులు అరుస్తున్నాయి. నాలుగు దాటాక కోపం కూడా నీరసపడింది. ఆకలి ఒక్కటే మిగిలింది.

అయిదున్నరకు రాహేలమ్మ దగ్గు ముందు వినపడింది. తర్వాత మనిషి కనపడింది. నెత్తి మీద మిరపకాయల మూట. చీర అంచు నుంచి మెడ దాకా ఎర్రటి దుమ్ము. నాలుగడుగులకొకసారి ఆగి గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంటోంది. నతనయేలు లేచి మూట దించాడు.

"అయ్యో, చిన్నయ్యగారా? మీరొచ్చారేంది? అయ్యగారికేమన్నా అయిందా?"

"అయ్యగారు బాగానే ఉన్నారమ్మా."

"కళ్లు?"

"బాగున్నాయి."

"మరేంది?"

అరుగు మీద కూర్చుని అనుకున్న మాట ఒక్కటీ నోటికి రాలేదు. మందిరం గుమ్మం దగ్గర నిలబడి ఆమె అనుభవించిందేమిటో అప్పుడు తెలిసింది.

"బియ్యం కావాలమ్మా," అన్నాడు.

రాహేలమ్మ కళ్లు చిట్లించింది. "బియ్యమా? డ్రమ్ములో అయిపోయినియ్యా? ఎనిమిది మందికి ఇవ్వాలి కదా, రేపు శనివారం కదా. కళ్ల ఆపరేషన్ మనిషి ఇంటికొస్తే బియ్యం కూడా చూసుకోలేదా మీరు?"

"డ్రమ్ములో ఉన్నాయమ్మా. నాకు లేవు. అయ్యగారు మిమ్మల్ని అడుక్కుని తెచ్చుకోమన్నారు."

ఆమె ఒక నిమిషం అతని మొహంలోకి చూసింది. తర్వాత అతని సంచి వంక చూసింది. అర్థమైందో లేదో మరి, అడిగింది మాత్రం వేరే.

"అన్నం తిన్నారా?"

"లేదు."

"పొద్దున?"

"లేదు."

అంతే. ఆమె గొంతు ఒక్కసారిగా లేచింది. దగ్గు మధ్యలోంచే లేచింది.

"పొద్దున్నుంచీ తినకుండా ఎండలో అరుగు మీద కూకున్నావా? బుద్ధుందా నీకు? పక్కింటోళ్లని అడిగితే గుప్పెడు మెతుకులు పెట్టరా? అంత చదువు చదివి కడుపు కాలతందని నోరు తెరిచి అడగటం చేతగాలేదా? లోపలికి రా. రమ్మంటే కదలవేంది?"

చిన్నయ్యగారూ పోయింది, మీరూ పోయింది. నతనయేలు తల వంచుకుని లోపలికి వెళ్లాడు.

ఆమె తిడుతూనే పొయ్యి రాజేసింది. బియ్యం డబ్బా మూత తీసి సోల లోపలికి పెడితే అడుగు గీసుకున్న చప్పుడయింది. డబ్బా వొంచి దులిపింది. సోలన్నర వచ్చాయి. అందులోంచి ఒక పిడికెడు తీసి, గూట్లో ఉన్న ఇత్తడి ముంతలో వేసింది. చూడకుండానే, అలవాటుగా వేసింది.

"అవి కూడా ఎసట్లో పొయ్యమ్మా. మీకు సరిపోవు," అన్నాడు నతనయేలు.

"అయ్యి నావి కావు. నోరు మూసుకుని ఈ బియ్యం కడుగు. నా చేతులు కారం. నేను కడిగితే నువ్వు తినలేవు."

అతను కడిగాడు. మొదటి నీళ్లు ఎర్రగా వచ్చాయి. గాలి తగిలితే చాలు, ఆ ఇంట్లో దేనికైనా ఆ దుమ్ము అంటుకుంటుంది. రెండో నీళ్లు వంపుతుంటే ఆమె వెనకనుంచి నెమ్మదిగా అడిగింది.

"ఆదివారం బియ్యం కూడా కడిగి ఆరబోసి తెద్దామనుకున్నానయ్యా. ఓపిక లేకపోయింది. అయ్యగారికి కారం తగిలిందా?"

నతనయేలు చేతిలో గిన్నె ఆగింది. "తగల్లేదమ్మా" అందామనుకున్నాడు. అబద్ధం రాలేదు.

"తగిలింది. అయినా మెతుకు వదలకుండా తిన్నారు."

"అయ్యో," అని నెత్తి కొట్టుకుంది రాహేలమ్మ. ఆ చేతి కారం కంట్లో పడి తనను తానే తిట్టుకుంది.

అన్నం ఉడుకుతోంది. ఆమె మిరపకాయల మూట విప్పి ముందేసుకుంది. తొడిమలన్నీ తీసి పొద్దున్నే గోదాములో అప్పజెప్పాలట. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే దగ్గుతోంది, తుంచుతోంది. నతనయేలు చూడలేకపోయాడు. ఎదురుగా కూర్చుని తనూ తుంచడం మొదలుపెట్టాడు.

"నీకెందుకయ్యా? అలవాటు లేని చేతులు, మండుతయ్."

"మండనివ్వమ్మా."

నతనయేలు ఎదురుచూస్తున్నాడు. ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అని. వాక్యం చెప్పమంటుంది. లేదా, ఆ శనివారం అలా ఎందుకు పంపించావని నిలదీస్తుంది. అడిగితే బాగుండు. అడగట్లేదు.

చివరికి ఉండబట్టలేక తనే అన్నాడు.

"నన్నేమీ అడగరా అమ్మా?"

"ఏమడగాల?"

"ఏదైనా. బియ్యం ఇచ్చే ముందు."

రాహేలమ్మ చేతిలో కాయ కింద పడేసి అతని వైపు చూసింది. ఈసారి నిజంగా కోపమే.

"ఆకలేసినోణ్ణి ఏమడుగుతారయ్యా? పప్పెయ్యనా పచ్చడెయ్యనా అని అడుగుతారు. ఇంకేం అడుగుతారు?"

అతను ఇంకో కాయ తొడిమ తుంచాడు.

"నాకు కోపం లేదనుకుంటన్నావేమో. ఉంది. అంతమందిలో ఒట్టి సంచితో పంపావు. రెండు వారాలు ఏడ్చాను. ఇప్పుడు కూడా నిన్ను చూత్తే నాకు కోపమే. అయితే? కోపముందని కూడు పెట్టనా?" ఊపిరి అందక ఆగింది. మళ్లీ అంది. "నువ్వంటే కుర్రోడివి. అయ్యగారు అట్టా చెప్పారే అని, అదీ నా బాధ. నాకు మాటిచ్చిన మనిషి."

ఇది మాత్రం నతనయేలు భరించలేకపోయాడు. ఊళ్లో అందరూ ఏమనుకుంటున్నారో అప్పటిదాకా అతనికి తెలియదు. తెలిసినా, నోరు విప్పకుండా ఊరుకుంటే సరిపోయేది. అయ్యగారి చాటున నిలబడిపోవచ్చు. ఎవరూ వచ్చి అడగరు.

"అయ్యగారు చెప్పలేదమ్మా. ఆయనకు ఇవాళ మధ్యాహ్నం దాకా తెలియనే తెలియదు. ఆ నియమం నాది. నేనే పెట్టాను."

రాహేలమ్మ ముందుకు వంగింది.

"ఆయనకి తెలీదా?"

"తెలీదు."

"అమ్మయ్య," అంది. ఆ ముసలి మొహం అలా తేటపడటం చూశాక అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

అన్నం వడ్డించింది. ఉల్లిపాయ, గోంగూర పచ్చడి. గరిటెతోనే వేసింది, చెయ్యి తగలకుండా. తను తర్వాత తింటానంది. గిన్నెలో ఎంత మిగిలిందో నతనయేలు చూశాడు. చాలనబోతే గరిటె ఎత్తి బెదిరించింది. తిన్నాడు. కంచం కడుక్కుని లేస్తుంటే, గూట్లో ముంత తీసి, శుక్రవారం దాకా పోగేసిన పిడికిళ్లన్నీ అతని సంచిలోకి వంపేసింది.

"అడుక్కుని తెమ్మన్నారన్నావుగా. పట్టుకుపో. ఆదివారం ఎట్టాగూ అక్కడికే రావాలి."

నతనయేలు ఇంటికొచ్చేసరికి ఇంకా దీపాలు పెట్టలేదు. అయ్యగారు వరండాలోనే ఉన్నారు. అతను సంచి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన లోపల చెయ్యి పెట్టి, బియ్యం పిడికిట్లోకి తీసుకుని, వాసన చూశారు.

నతనయేలు లోపలికి వెళ్లి పెద్ద గోతం తీసుకుని, మందిరంలో డ్రమ్ము దగ్గరికి వెళ్లాడు. ఆగిన మూడు వారాల బియ్యం, రేపటివీ కలిపి కొలుచుకున్నాడు. భుజానికెత్తుకుని, వచ్చిన దారినే మళ్లీ నడిచాడు. మధ్యాహ్నం అడిగినవాళ్లే మళ్లీ అడిగారు, ఎక్కడికి అని. ఈసారి ఆగి చెప్పాడు. "రాహేలమ్మకు బియ్యం. శనివారం బియ్యం నేనే ఆపాను. ఇవ్వడానికి పోతున్నా," అన్నాడు.

గుమ్మంలో గోతం దించితే రాహేలమ్మ మళ్లీ కేకలేసింది.

"రేపు గదా శనివారం? ఇయ్యాలే తెచ్చావేంది?"

"రేపు పొద్దున్నే మీరు గోదాముకు వెళ్లిపోతారు కదమ్మా."

ఆమె గోతం మీద చెయ్యేసి నిలబడింది. గోదాము వైపు ఒకసారి చూసింది.

"వాక్యం చెప్పాలా?"

నతనయేలు తల అడ్డంగా ఊపాడు.

"అయితే పోనులే," అంది రాహేలమ్మ. "ఆ మూట నువ్వే తీసుకుపోయి ఆళ్ల మొహాన పడెయ్యి. ఇంక రానని చెప్పు."

మూట గోదాములో ఇచ్చి అతను తిరిగొచ్చేసరికి వరండాలో లైటు వెలుగుతోంది. అయ్యగారి పక్కన నేల మీద కూర్చున్నాడు. జేబులో కాగితాలు కూర్చున్నప్పుడు గుచ్చుకున్నాయి. తీసి పక్కన పెట్టాడు.

"చెప్పు," అన్నారు అయ్యగారు. "ఆ మాటకు అర్థం ఏంటి?"

నతనయేలు నోరు తెరిచాడు. మూడు నిఘంటువుల్లోనూ చదివినది అంతా గుర్తుంది. ఒక్కటీ చెప్పలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ఒకదానికొకటి రుద్దుకుంటూ కూర్చున్నాడు.

ఆ చప్పుడు అయ్యగారు విన్నారు.

"చేతులకేమైంది?"

"మిరపకాయలకు తొడిమలు తీశానండీ. మండుతున్నాయి."

"బాగా?"

"బాగా మండుతున్నాయండీ."

"నూనె రాసుకోకు," అన్నారు అయ్యగారు. "ఆదివారం అలాగే ఎక్కు."